ఏడు మూతల డబ్బా

తప్పు నొక్కాలి. ఒకసారి నొక్కి ఊరుకోవడం కాదు, అది విసిగి వేసారి తలుపు బిగించేసుకునేదాకా తప్పే నొక్కాలి. ఇంట్లో చెప్పులు వేసుకున్నప్పటి నుంచీ ఆయన మనసులో ఇదే తిరుగుతోంది. ఈ వయసులో ఒక మిషను ముందు పరీక్ష తప్పడానికి ఇంత శ్రద్ధగా తయారై వచ్చిన మనిషి ఈ వరుసలో ఇంకొకరు ఉండరు. ఆస్పత్రి పక్కగోడలో బిగించారు దాన్ని. అద్దాల బీరువాలా ఉంటుంది, పక్కన అంకెల తెర, కింద చిన్న తలుపు. ఫోనుకొచ్చిన నాలుగంకెలు కొట్టాలి, తర్వాత పుట్టిన తేదీ కొట్టాలి, లోపల ఒక ఇనుప చెయ్యి ఆ మనిషి పొట్లాన్ని వెతికి పట్టుకుని కింది తలుపు దాకా తెచ్చి పెడుతుంది. తేదీ మూడుసార్లు తప్పు కొడితే మాత్రం పొట్లాన్ని లోపలే బంధించేస్తుంది. అప్పుడిక రోగి వచ్చి బతిమాలినా లాభం లేదు, పేరు నమోదు చేయించిన మనిషే శనివారం కౌంటరు దగ్గరికొచ్చి విడిపించాలి. నమోదు చేయించింది కూతురు. విడిపించాలంటే కూతురే రావాలి. వచ్చి, వరుసలో నిలబడి, విసుక్కుని, పొట్లం చేతికొచ్చాక ఇంకెక్కడికి వెళుతుంది, తండ్రి ఇంటికే కదా తేవాలి.

మంగళవారం, సాయంత్రం ఆరు దాటినా మిషను ఇంకా తెరుచుకోలేదు. వెనకవైపు తలుపు తీసి ఎవరో మందులు నింపుతున్నారు, లోపల అట్టపెట్టెలు జరిగిన చప్పుడవుతోంది. ఎంతసేపని వరుసలోంచి ఒక లారీ డ్రైవరు అడిగితే కాపలా మనిషి కుర్చీలోంచి లేవకుండానే, "దానికి ఆకలేసిందండీ, మేత పెడుతున్నారు" అన్నాడు. "మరి మా కడుపు సంగతేంటి?" "మీకు మాత్రలొస్తాయిగా, మింగి నీళ్లు తాగండి." అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు, నవ్వాక ఆ నవ్వు ఎవరితో పంచుకోవాలో తెలియక చొక్కా బొత్తాం తడుముకున్నాడు. పైనుంచి రెండో బొత్తాం. దారం వదులై వేలాడుతోంది. వేలాడనీ అనే వదిలేశాడు. కూతురు బట్టల కంపెనీలో కుట్లు పరీక్షించే ఉద్యోగం చేస్తుంది, రోజంతా చొక్కాలు తిరగేసి మరగేసి చూసి చూసి, ఇంటికొచ్చినా మనిషి మొహం కంటే ముందు చొక్కానే చూస్తుంది. గుమ్మంలోనే పట్టుకుని, కదలకు నాన్నా అని, వేలాడే దారాన్ని పళ్లతో పుటుక్కున కొరికేస్తుంది. ఆ క్షణంలో ఆమె తల ఆయన గడ్డం కింద ఉంటుంది. నూనె వాసన, ఎండ వాసన. అందుకోసమే, ఎవరికీ చెప్పుకోలేని సంగతి, ఆయన బీరువాలో మంచి చొక్కాలు వెనక్కి తోసి దారాలు ఊడిన చొక్కాలు ముందు పెట్టుకుంటాడు.

అప్పట్లో నెల మొదటి శనివారం కూతురు వచ్చేది. భార్య పోయిన నెల నుంచీ మొదలైంది ఆ అలవాటు. ఈ ఆస్పత్రి కౌంటరు ముందే నిలబడి, ముందున్న వాళ్లనీ వెనకున్న వాళ్లనీ తిట్టుకుని, మందుల సంచీతో చెమటలు కక్కుతూ ఇంటికొచ్చేది. సంచీ బల్ల మీద విసిరేసి, మంచినీళ్లు తాగి, మంచం మీద తల్లి పడుకునే వైపు వాలిపోయి, చిన్నప్పటిలాగే కాళ్లు రెండూ గోడకు ఆనించి, "నాన్నా, ఆ కంపౌండరు తాబేలుకు తాతలాంటివాడు, ఒక మాత్ర తీసి దాని మొహం చూసి ఇంకో మాత్ర తీస్తాడు" అని మొదలుపెట్టేది. ఆయన కుర్చీ జరుపుకుని వినేవాడు. చెప్పేది కంపౌండరు సంగతే అయినా, దాని సందుల్లోంచి మిగతావన్నీ జారి పడేవి, కంపెనీలో గొడవ, అల్లుడి పంటినొప్పి, కొన్నామని చెప్పి కొనని కుర్చీలు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కోసారి నిద్రపోయేది. నిద్రపోతే ఫ్యాను ఒక గీత తగ్గించి, వంటింట్లో గిన్నెలు చప్పుడు కాకుండా చూసుకుని, గోడ మీద ఆమె మడమల ముద్రలు చూస్తూ కూర్చునేవాడు. సున్నం వేయించేటప్పుడు ఆ గోడ ఒక్కటీ వద్దన్నాడు. పనివాడు, "ఇదొక్కటే కదండీ మురికిగా ఉంది" అన్నాడు. ఉండనీ అన్నాడు ఆయన.

ఆ కంపౌండరు ఎంత మంచివాడో ఇప్పుడు తెలుస్తోంది. నెమ్మదిగా తీసినన్నాళ్లూ కూతురు వచ్చింది. తొందర తెలిసిన ఇనుప చెయ్యి వచ్చాక రాకడ ఆగింది. ఫోన్లో ఆమె గొంతు ఎంత సంబరంగా ఉందో, పాపం, పెద్ద బహుమానం ఇస్తున్నట్టే చెప్పింది. "నాన్నా, మందుల మిషను పెట్టారు. నీ పేరు రాయించేశాను. కాగితాలు కూడా అడగలేదు, నోటితో చెబితే కొట్టేసుకున్నారు. ఇక నాకోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు, నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడెళ్లి తెచ్చుకోవచ్చు." మంచిదేనమ్మా అన్నాడు. ఇంకేమంటాడు. కాచుకుని కూర్చోవడమే నాకున్న పని, దాన్ని తీసేశావెందుకు అంటాడా. నీ పుట్టిన తేదీ కొట్టు అంతే, అని నవ్వి ఫోను పెట్టేసింది. ఆ 'అంతే' అన్న మాట దగ్గర ఆయన ఫోనును చెవి దగ్గరే పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఆమెకూ తీరిక కావాలిగా, చిన్నదేమైనా అవకాశం దొరికితే కాస్త నడుం వాల్చుకుంటుందిగా అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. మనసుకు నచ్చింది కూడా. ఆ డబ్బా కంటబడకపోయి ఉంటే అలాగే నచ్చి ఉండేది.

ఆ డబ్బా. అల్లుడింటికి భోజనానికి వెళ్లిన ఆదివారం, హాల్లో టీపాయి మీద కనబడింది. లేత నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా, వరసగా ఏడు మూతలు, ఒక్కో మూత మీద ఒక్కో వారం పేరు. కూతురు కింద చాప మీద కూర్చుని, ఒడిలో మందుల రేకులు పోసుకుని, ఒక్కో మాత్రనూ బొటనవేలితో నొక్కి తీసి, సోమవారం మూతలో ఒకటి, మంగళవారం మూతలో ఒకటి, పూసలు గుచ్చుతున్నంత ఓపికగా సర్దుతోంది. అత్తగారికి. పైన సోఫాలో ఆవిడ, తన వియ్యపురాలు, కాళ్లు స్టూలు మీద చాపుకుని, "తెల్లది రాత్రికి, మర్చిపోతావు" అంటోంది. "నాకు గుర్తుందత్తయ్యా, మీరే మర్చిపోయి రెండేసి మింగుతారు" అని కూతురు. ఆ మాటలో విసుగు లేదు, భయం లేదు, ఇద్దరికీ అలవాటైన ఆటలా ఉంది. తనకేమో గోడలో ఇనుప చెయ్యి, ఆవిడకేమో తను కన్న బిడ్డ చెయ్యి. తనకు నెలకోసారి ఒక అరపూట ఉండేది, అదీ పోయింది, ఆవిడకు ఏడు మూతలూ నిండాయి. సోమవారం కూడా ఆవిడదే, మంగళవారం కూడా ఆవిడదే. ఒక్క మూత, ఆ శనివారం మూత ఒక్కటి తనకు వదిలేస్తే ఆవిడ సొమ్మేం పోయింది. ఇంటికొచ్చాక తన మందుల రేకుల్ని మంచం మీద పరుచుకుని చూశాడు. రక్తపోటుకొకటి, చక్కెరకొకటి. ఆవిడకో, మోకాళ్లకు వేరే, ఎముకలకు వేరే, గొంతుకు వేరే, నిద్రకు వేరే. రోగాల్లోనూ ఆవిడదే పైచేయి. తనక్కూడా ఇంకో రెండు జబ్బులుంటే బాగుండునని అనుకున్నాడు, అనుకుని, అలా అనుకున్నందుకు భార్య ఫోటో వైపు చూడలేక లైటు తీసేశాడు.

వరుస ఒక అడుగు జరిగింది. ఎందుకు జరిగిందో ఎవరికీ తెలియదు, ముందెవరో బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుని ఉంటారు, అందరూ జరిగారు, ఆయనా జరిగాడు. కాళ్ల కింద గచ్చు, గచ్చు కింద మట్టి, మట్టి కింద గొట్టం. ఈ వీధి కింద గొట్టం ఎక్కడ వంపు తిరుగుతుందో ఆయనకు కళ్లు మూసుకున్నా కనబడుతుంది, నీటి సరఫరా ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఆ వంపు గీసింది ఆయనే. పైన ఎన్ని కొట్లు మారినా, గోడల్లో ఎన్ని మిషన్లు వచ్చినా, కింద నీళ్లు ఆ వంపు దగ్గర తిరుగుతూనే ఉంటాయి. పొరుగు వీధికి ఎక్కువ నీళ్లు వెళ్తున్నాయని జనం ఆఫీసు మీదికి వచ్చేవాళ్లు, ఆయన గొట్టాల పటం నకలు తీసి చూపించేవాడు, చూడండి, ఇద్దరికీ గొట్టం ఒకటే, వెడల్పు ఒకటే, మీ వీధి కాస్త ఎత్తులో ఉంది, అందుకని మీకు ఆలస్యంగా వస్తాయి, రాకుండా పోవు. ఎంత ఓపికగా చెప్పేవాడు. తన వీధి ఎత్తులో పడేసరికి ఆ నకలు ఎక్కడ పెట్టాడో.

అప్పుడు కనిపించింది ఆ కొప్పు. వరుస తప్పి అడ్డంగా నిలబడ్డ లావుపాటాయన ఒకరు ముందుకు జరిగి గోడకు ఆనుకునేసరికి, తనకు సరిగ్గా ముందు, ఆయన చాటున ఇంతసేపూ దాగినట్టు బూడిదరంగు కొప్పు, దానికి గుచ్చిన రెండు నల్లపిన్నులు, చంకలో మడిచి పెట్టుకున్న గుడ్డసంచీ, చేతిలో కర్ర. వియ్యపురాలు. ఒంటరిగా. ఆయనకు ముందు భయమేసింది, వెంటనే, సిగ్గులేకుండా, కాస్త సంతోషం కూడా కలిగింది. ఈవిడ ఇక్కడ వరుసలో ఎందుకుంది, ఈవిడ మందులు కూతురు తెస్తుంది కదా. తేవడం మానేసిందా. ఈవిడకూ గోడ చూపించిందా. సంతోషించబోయి ఆగాడు, ఆస్పత్రిలో ఎవరినో చూడ్డానికి వచ్చి ఉంటుంది, ఎవరికో సాయం వచ్చి ఉంటుంది. ఆవిడ వెనక్కి తిరిగితే ఎలా. తన పథకం ఎలా. తెలిసిన మనిషి ముందు మూడుసార్లు తప్పు కొడితే ఆవిడ ఊరుకుంటుందా, అయ్యో అన్నయ్యగారూ అంటూ తనే కొట్టేస్తుంది, లేకపోతే రాత్రి భోజనాల దగ్గర కొడుకుతోనూ కోడలితోనూ చెప్పి నవ్విస్తుంది. కూతురు కూడా నవ్వుతుంది. ఆయన చేతిలో ఉన్న పాత దినపత్రికను విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నానని కాసేపటికి గాని చూసుకోలేదు.

తప్పు నొక్కాలంటే మాత్రం ఏది నొక్కాలి. జీవితంలో గొట్టం వెడల్పులో నూలు పోగంత తేడా కూడా రానివ్వకుండా గీసిన మనిషికి తప్పు చేయడం కూడా సులువు కాదు. వేలికొచ్చిన అంకెలు కొట్టేయడం ఆయన వల్ల కాదు. రాత్రంతా ఆలోచిస్తే ఒకటి దొరికింది. ఆయనకు పుట్టినరోజులు రెండు. మొదటిది బడిది. చేర్చుకునేటప్పుడు తేదీ అడిగితే అమ్మ, పెద్ద వాన పడిన రోజండీ అంది, పంతులుగారు ఆకాశం వైపు చూసి జూలై ఒకటి అని రాసుకున్నారు. తరగతిలో సగం మంది జూలై ఒకటినే పుట్టారు. ఆ రోజు ఊళ్లో మంత్రసానికి కూర్చునే తీరిక ఉండి ఉండదని పెళ్లయిన కొత్తలో భార్యతో హాస్యమాడితే ఆమె నవ్వలేదు. అదేంటండీ, మీ పుట్టినరోజు మీది కాదా అంది. అత్తగారిని కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగింది, ఎంత వాన, పొద్దుటి వానా సాయంత్రం వానా, అప్పుడు పక్కింట్లో ఎవరున్నారు. అమ్మకు వాన తప్ప ఏమీ గుర్తులేదు. కొన్నాళ్లకు ఆయన ఆఫీసు నుంచి నిలువునా తడిసి ఇంటికొచ్చిన సాయంత్రం, తువ్వాలుతో తల తుడుస్తూ, "ఈరోజు వాన పడింది కదా, ఇదే మీ పుట్టినరోజు. నేనిస్తున్నాను, తీసుకోండి" అంది. ఆగస్టు పంతొమ్మిది. ఉద్యోగం కాగితాల్లో, పింఛను కాగితాల్లో, ఆస్పత్రి చీటీల్లో ఎక్కడ చూసినా జూలై ఒకటే. ఆగస్టు పంతొమ్మిది ఏ కాగితం మీదా లేదు, ఆ ఇంట్లో ముగ్గురి నోళ్లలో తప్ప. భార్య పోయాక వచ్చిన మొదటి ఆగస్టులో ఆ రోజు పొద్దున ఫోను మోగింది. కూతురు వాన గురించి మాట్లాడింది, కూరగాయల గురించి మాట్లాడింది, ఆ మాట ఎత్తలేదు. ఆ మరుసటి ఏడాదీ ఎత్తలేదు. ఇచ్చిన మనిషి పోయింది, ఇచ్చిన రోజూ పోయింది అనుకున్నాడు ఆయన. మిషనుకు ఈ తేదీ తప్పు. తనకు అబద్ధం కాదు. అబద్ధమాడకుండా తప్పు చేయడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

తెర వెలిగింది. వరుస నిజంగానే కదిలింది. లారీ డ్రైవరు అంకెలు కొట్టాడు, లోపల ఇనుప చెయ్యి లేచింది, అటూ ఇటూ చూసుకుంటున్నట్టు కదిలింది, పొట్లం తెచ్చి పెట్టింది. లావుపాటి ఆయన కూడా అంతే. ఎంత తొందరో. ఒక మనిషికి ఇంకో మనిషి మీద విసుగొచ్చేంత సమయం కూడా ఇవ్వదు. అప్పుడు వియ్యపురాలు ముందుకెళ్లింది. కర్ర గోడకు ఆనించింది, అది జారి పడింది, వంగబోయి నడుం పట్టుకుంది. ఆయన పత్రిక మడిచి కర్ర తీసి ఇచ్చాడు. ఇవ్వకుండా ఉండటానికి వీల్లేకపోయింది.

"అన్నయ్యగారా," అంది ఆవిడ, దొంగతనంలో దొరికిపోయిన పిల్లలా. "మీరు నన్ను చూడలేదనుకోండి."

"మీరూ నన్ను చూడలేదనుకోండి చెల్లెమ్మగారూ" అన్నాడు.

"అద్దాలు మర్చిపోయాను. ఈ ఫోన్లో అంకెలు చీమల్లా కనబడుతున్నాయి. కాస్త చదివి పెట్టండి." ఆయన చదివాడు. ఆవిడ గోరుతో తెర మీద పొడిచింది, తెర పలకలేదు. గోరు కాదండీ, వేలు మెత్తగా ఆనించండి అన్నాడు. "నా వేలికి మెత్తదనం ఎక్కడిది, ఎండిపోయిన బెండకాయ" అని చీర చెంగుకు తుడుచుకుని ఆనించింది, ఈసారి పలికింది. కొడుతూనే గొంతు తగ్గించి చెప్పింది. "మీ అమ్మాయికి తెలియకుండా వచ్చాను. చెబితే రానివ్వదు. మొన్న ఆదివారం నా డబ్బా నింపుతూ నిద్రపోయిందండీ. గురువారం మూత తెరిచి, చేతిలో మాత్ర పట్టుకుని, అలాగే సోఫాకి తలవాల్చి. మాత్ర చెమటకు కరిగి అరచెయ్యి గులాబీరంగైంది. లేపబుద్ధి కాలేదు. నా మాత్రలు నేను తెచ్చుకుని సర్దుకోలేనా ఏంటి. అది సర్దుతుంటే చూడ్డం బాగుంటుంది, అందుకని చేతకాదన్నాను ఇన్నాళ్లూ."

గులాబీరంగు అరచెయ్యి. ఎంత అలసిపోతే అలా నిద్రపోతుంది. అలసట మీద జాలి వేసింది, వేయకుండా ఎలా ఉంటుంది, కానీ ఆ జాలి కిందనే, గచ్చు కింద గొట్టంలో నీళ్లలా, ఇంకోటి పారుతోంది. ఆవిడగారి సోఫాకి తలవాల్చి నిద్రపోయింది కూతురు. తన మంచం మీద కాదు, తన గోడకు కాళ్లు ఆనించి కాదు. ఆవిడ కూడా చేతకాదని నాటకమాడిందా. ఆడి, ఆట ముగిసేదాకా హాయిగా ఆడుకుని, ఇప్పుడు ఆ ఏడు మూతల్ని తనంతట తనే వదులుకుంటోంది. తను ఇంకా నాటకం మొదలుపెట్టనే లేదు, ఆవిడ అప్పుడే దిగిపోతోంది. చివరికి మంచితనంలోనూ ఆవిడే ముందు. పొట్లం వచ్చింది, ఆవిడ గుండెకు హత్తుకుంది, పక్కకు జరిగింది గాని వెళ్లలేదు. "మీది కూడా కానివ్వండి, కలిసి నడుద్దాం."

వెనక వాళ్లు గొంతు సవరించుకుంటున్నారు. ఆయన తెర ముందుకొచ్చాడు. నాలుగంకెలు కొట్టాడు. పుట్టిన తేదీ, అని అడిగింది తెర, తర్వాత వెలుగుతూ ఆరుతూ నిలబడింది. జూలై ఒకటి కొట్టేసి పొట్లం తీసుకుని వెళ్లిపోవచ్చు. ఆమె అలసిపోయింది, శనివారం పొద్దున కాస్త పడుకోనివ్వచ్చు. ఆవిడ వదులుకున్నప్పుడు నువ్వు వదులుకోలేవా. వదులుకోవడానికి ఆవిడకు ఏడున్నాయి, నాకు ఒక్కటే ఉంది. ఒక్కసారి రానీ, ఒక్క శనివారం, వస్తే మాట్లాడమని కూడా అడగను, పడుకోమంటాను, ఫ్యాను ఒక గీత తగ్గిస్తాను, గిన్నెలు చప్పుడు చేయను. వేలు దానంతటది వెళ్లింది. పంతొమ్మిది. ఎనిమిదో నెల. ఏడాది రెంటికీ ఒకటే. ఎడమచేత్తో వేలాడే బొత్తాన్ని పట్టుకుని ఉన్నాడు, దారం ఇంకా తెగలేదు. తప్పు అని ఎర్రగా వెలుగుతుందనుకుని కళ్లు చిట్లించాడు.

ఇనుప చెయ్యి లేచింది. రెండో అరలోకి వెళ్లింది, ఆగింది, కిందికి దిగింది. చిన్న తలుపు తెరుచుకుని లోపల దీపం వెలిగింది. మీ మందులు సిద్ధంగా ఉన్నాయి, అంది ఎవరిదో గొంతు. ఆయన కదల్లేదు. మిషను పాడైపోయిందేమో అనుకున్నాడు ముందు. ఎవరు ఏది కొట్టినా తెరుచుకుంటోందేమో. కాగితాలు కూడా అడగలేదు నాన్నా, నోటితో చెబితే కొట్టేసుకున్నారు. నోటితో. పింఛను కాగితాలన్నీ తనే నింపిన పిల్ల, జూలై ఒకటి కంఠతా వచ్చిన పిల్ల, పుట్టిన తేదీ ఎంతమ్మా అని కౌంటరు మనిషి అడిగితే తడుముకోకుండా చెప్పింది ఇదన్నమాట. ఆ కౌంటరు దగ్గర, వెనక వరుస తోస్తుంటే, ఆ పిల్ల నోటికి ముందు ఏది వచ్చిందో అదే చెప్పింది.

"తీసుకోండి అన్నయ్యగారూ, లేకపోతే మళ్లీ లోపలికి లాక్కుంటుంది" అంది వియ్యపురాలు.

తీసుకున్నాడు. పొట్లం మీద తెల్లటి చీటీ అతికించి ఉంది. ఆయన పేరు, కింద తేదీ. అచ్చులో. భార్య ఇచ్చిన రోజు మొదటిసారి ఒక కాగితం మీద కనబడుతోంది, చుక్కలతో సహా, పక్కన మాత్రల పేర్లతో సహా. ఆయన చీటీ అంచును గోటితో లేపి, చిరగకుండా, పాత నకలు మీంచి సన్నకాగితం లేపినంత నెమ్మదిగా ఊడదీశాడు.

"ఏంటది?" అంది ఆవిడ.

"ఏం లేదండీ. నా పుట్టినరోజు."

ఆవిడ చీటీని దూరంగా పట్టుకుని కళ్లు చిన్నవి చేసి చదివింది. "ఆగస్టు పంతొమ్మిదా. అందుకా. రెండేళ్ల నుంచీ చూస్తున్నాను, ఆ రోజు పనిగట్టుకుని తీపి చేస్తుంది. ఎందుకే అంటే ఊరికే అంటుంది. అందరికీ పెడుతుంది, తను నోట్లో వేసుకోదు. ఒక గిన్నెలో తీసి మూతపెట్టి, సంచీలో పెట్టి, మళ్లీ సంచీలోంచి తీసేస్తుంది. వాళ్ల నాన్నకి తీసుకెళ్లచ్చుగా అన్నాను పోయినేడు. అమ్మ లేకుండా ఎలా తీసుకెళ్లను అంది. నాకు అర్థం కాలేదు, నిజం చెప్పొద్దూ, కోపం కూడా వచ్చింది. మా ఇంట్లో ఉండి ఎవరికోసమో చేస్తోందని."

గిన్నె సంచీలోకి వెళ్లడం, మళ్లీ బయటికి రావడం. ఆ రోజు పొద్దున ఫోన్లో వాన గురించి మాట్లాడుతున్నప్పుడు ఆ గిన్నె ఆమె పక్కనే ఉండి ఉంటుంది. ఇటు ఆయన, అటు ఆమె, ఒకరికొకరు గుర్తు చేయకూడదని ఒకే రోజును చెరొక వైపు నుంచి దాచిపెట్టారు. వాళ్లు నడవడం మొదలుపెట్టారు, ఆవిడ కర్ర మీద, ఆయన ఆ కర్ర వేగాన్ని బట్టి. వియ్యపురాలు తన పొట్లం మీద చీటీని గోకుతోంది. "నాకు చూడండి, జనవరి ఒకటి. బడిలో రాయించింది. నేను పుట్టింది ఎండాకాలంలో. నా పేరు రాయించేటప్పుడు మీ అమ్మాయి కాగితంలో ఉన్నదే చెప్పింది, దాని తప్పేముంది, అసలుది దానికి తెలియదుగా. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా." నవ్వుతూనే అంది, కాని కళ్లు ఆయన చొక్కా జేబు మీదికి, ఆ చీటీ వెళ్లిన జేబు మీదికి వెళ్లి వచ్చాయి. ఆ చూపు ఆయనకు తెలుసు. ఆదివారం టీపాయి మీది డబ్బాను తను చూసిన చూపు అది. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఒళ్లంతా తీయగా అనిపించింది, ఇన్నాళ్లకు తనను చూసి ఒకరికి కళ్లు కుట్టాయి. తర్వాత ఆ తీపి దానంతటదే పలచబడింది. పాపం, ఎత్తులో ఉన్న వీధి ఆవిడదీను.

"అసలుది ఎప్పుడు చెల్లెమ్మగారూ?"

"ఇప్పుడెందుకు లెండి." పది అడుగులు వేశాక తనే చెప్పింది. "ఏప్రిల్ ఎనిమిది. ఆ రోజు మా వీధి మొత్తానికి కుళాయిలో నీళ్లు రాలేదట. నాకు మొదటి స్నానం పక్కవీధి నీళ్లతోనట. మా అమ్మ చచ్చేదాకా చెప్పింది."

"అప్పటికి నేనింకా ఉద్యోగంలో చేరలేదండీ" అన్నాడు ఆయన, చాలా బాధ్యతగా. ఆవిడ కర్ర ఆపి మరీ నవ్వింది.

మలుపు దగ్గర ఆవిడ కుడివైపు వెళ్లింది. ఆ ఇంటి తలుపు తీసేది కూతురే. ఎంత ఆలస్యమైంది అత్తయ్యా, ఎక్కడికెళ్లారు అని గదమాయిస్తుంది కూడా. ఆయన ఎడమవైపు తిరిగి, తన తాళంచెవి తనే వెతుక్కుంటూ, ఏప్రిల్ ఎనిమిది, ఏప్రిల్ ఎనిమిది అని మర్చిపోకుండా అనుకున్నాడు. చెప్పకుండా ఉంటే ఎవరికి తెలుస్తుంది అని కూడా అనుకున్నాడు, రెండు ఇళ్లు దాటేదాకా. చెబితే ఆ రోజు కూడా ఆవిడ ఖాతాలోకే పోతుంది, ఆ రోజూ తీపి, ఆ రోజూ కూతురి చెయ్యి. జేబులో ఫోను మోగింది.

"నాన్నా, మందులొచ్చాయా? ఇబ్బందేం పడలేదుగా?"

"వచ్చాయమ్మా." రాలేదమ్మా అని చెప్పడానికి రాత్రి నుంచీ సాధన చేసిన గొంతు అది. "నువ్వు చెప్పిన తేదీకే తెరుచుకుంది."

చాలా మామూలుగా, "తెరుచుకోక ఏం చేస్తుంది" అంది, అని ముక్కు ఎగబీల్చింది.

"అమ్మా, ఇంకో సంగతుంది. మీ అత్తగారిది."

"ఏమైంది? ఆవిడ ఇప్పటిదాకా ఇంటికి రాలేదు కూడా."

"ఏం కాలేదు, వచ్చేస్తారు. ఫోన్లో చెప్పేది కాదు. వస్తే చెబుతాను."

"అబ్బా నాన్నా, ఇప్పుడే చెప్పు."

"శనివారం బాగా నిద్రపోయి, లేచాక రా. తొందరేం లేదు."

చెప్పు, చెప్పు అని ఫోను గింజుకుంటూనే ఉంది. ఆయన తాళం తీసి, లోపలికెళ్లి, మందులు బల్ల మీద పెట్టి, గోడ మీద మడమల ముద్రల పక్కన ఆ చీటీని అతికించాడు. చొక్కా విప్పేటప్పుడు బొత్తాం దారం తెగకుండా జాగ్రత్తగా తీశాడు. ఇన్నాళ్లూ తను ఎదురుచూశాడు, ఈ నాలుగు రోజులూ ఆమెను ఎదురుచూడనీ.